గాల్లోకి వెళ్ళని మాట

'రాత్రి బాబాయ్' ఇరవై ఏడేళ్ళుగా, తన రేడియో ప్రోగ్రామ్‌కి ఫోన్ చేసిన ప్రతి మనిషినీ మొట్టమొదట అడిగే మాట ఒకటుంది. "ముందు మీ రేడియో గొంతు తగ్గించండి." లారీ డ్రైవర్లని అడిగారు, నైట్ డ్యూటీ నర్సుల్ని అడిగారు, ఏడ్చే బిడ్డని భుజాన వేసుకుని హాల్లో పచార్లు చేసే తల్లుల్ని అడిగారు. ఒకసారి ఒక మంత్రిగారు నిద్రపట్టక ఫోన్ చేస్తే ఆయన్నీ అడిగారట. తనని బెదిరించిన మనిషిని మాత్రం అడగలేదు.

ఈ సంగతి నాకు రికార్డింగ్ మూడోసారి వింటుంటే తట్టింది. మొదటి రెండుసార్లు నేనూ అందరిలాగే ఆ బెదిరింపే విన్నాను. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని గుసగుసగా మాట్లాడిన గొంతు. "రేపట్నించి నీ గొంతు ఎవరికీ వినపడదు," అంది. ప్రోగ్రామ్ అయిపోయిన కాసేపటికే బాబాయ్ రేడియో స్టేషన్ వెనక మెట్ల కింద తల పగిలి కనిపించారు. అప్పట్నించీ ఆస్పత్రిలో ఉన్నారు, స్పృహ లేదు.

"ఇంకోసారి పెట్టండి మాస్టారూ," అన్నాను.

సౌండ్ మాస్టారు పలకలేదు. పక్కనున్న ఫోన్లమ్మాయి ఆయన భుజం తట్టి నా వైపు చూపించింది. ఆయన తలెత్తి నా మొహం చూసి, అర్థమైందన్నట్టు తలాడించి, రికార్డింగ్ వెనక్కి తిప్పాడు. పాపం, బావగారు అలా పడి ఉంటే ఏ మనిషికి బుర్ర పనిచేస్తుంది అనుకున్నాను. ఈ మాస్టారు స్టేషన్ ఇంజనీరు, బాబాయ్ భార్యకి సొంత తమ్ముడు. బావ మైకు ముందు, బావమరిది గాజు తలుపుకి ఇవతల మీటల ముందు. ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకే రోజు రిటైరవుదామనుకున్నారు.

కంట్రోల్ రూమ్ గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ గారు నిలబడి వాచీ చూసుకుంటున్నారు. ఆయన నా చెల్లెలి అల్లుడు. వరస కలిసిన మనిషితో వృత్తిలో తగువు పడటమంత నరకం ఇంకోటి లేదు. నేను ఆయన్ని 'అల్లుడుగారూ' అనాలి, ఆయన నన్ను 'పెద్దత్తయ్యగారూ' అనాలి, ఈ మర్యాదల సందులోంచే ఒకరి పీక ఒకరం నొక్కాలి.

"పెద్దత్తయ్యగారూ, మధ్యాహ్నం మూడింటికి వాణ్ణి కోర్టులో పెడుతున్నాను. తమరు ఎన్నిసార్లు విన్నా అందులో ఉన్నది మారదు కదా."

"మారదు అల్లుడుగారూ. వినే చెవి మారుతుంది."

వాడు అంటే గేటు తమ్ముడు. రెండు వీధుల అవతల కోల్డ్ స్టోరేజీ గోడౌన్‌కి రాత్రి కాపలా. ఆ పేరు బాబాయ్ పెట్టిందే, ఆరేళ్ళుగా ఫోన్ చేస్తున్నాడు కాబట్టి. వారం కిందట ఒక ఆడమనిషి ప్రోగ్రామ్‌కి ఫోన్ చేసి, భర్త పెట్టే బాధలు చెప్పుకుంటూ దుఃఖంలో తన పేరూ వీధి పేరూ అనేసింది. అవి గాల్లోకి, అంటే రేడియోలో అందరికీ వినపడేలా, వెళ్ళిపోయాయి. భర్త విన్నాడు. తెల్లారేసరికి ఆమె చెయ్యి విరిగి ఆస్పత్రిలో ఉంది. ఆమెది గేటు తమ్ముడి వీధే. మర్నాటి రాత్రి వాడు ఫోన్ చేసి అందరూ వింటుండగా బాబాయ్‌ని నానా మాటలూ అన్నాడు, నీ నోరు మూయిస్తానన్నాడు. బాబాయ్ ఎదురు చెప్పలేదు. "తప్పు నాదే తమ్ముడూ, ఒకసారి వచ్చి కలువు," అన్నారు.

ఇప్పుడు బెదిరింపు ఫోన్ వచ్చిందేమో వాడి నంబరు నుంచి. స్టేషన్‌కీ గోడౌన్‌కీ ఒకటే సెల్ టవర్. మర్నాడు పొద్దున ఆ ఫోను గోడౌన్ గేటు పక్క పొదలో దొరికింది. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు, అల్లుడుగారు గంటలో వాణ్ణి లోపల వేసేశారు, కాగితాల మీద అరెస్టు మాత్రం నిన్న చూపించారు.

నన్ను డిటెక్టివ్‌గా పెట్టుకున్నది గేటు తమ్ముడి అక్క. బట్టలు కుడుతుంది. ఇప్పుడు కూడా కింద రిసెప్షన్ బెంచీ మీద కూర్చుని ఎవరివో చొక్కాలకి గుండీలు కుడుతోంది, చేతులు ఊరికే ఉంటే ఏడుపొస్తుందట. తల్లీ తండ్రీ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. వాడు తెల్లారి డ్యూటీ దిగి వచ్చి, రాత్రి తను బాబాయ్‌తో మాట్లాడినవన్నీ ఫోన్లోంచి ఆవిడకి వినిపిస్తాడట, ప్రోగ్రామ్ వేళకి ఆవిడ నిద్రపోతుంది కాబట్టి. కోర్టుకి తీసుకెళ్తే మళ్ళీ ఇంటికి రాడని ఆవిడ భయం. ఆ భయం తప్పని నేను చెప్పలేకపోయాను.

బెదిరింపు వచ్చిన రాత్రికి ముందు సాయంత్రం గేటు తమ్ముడు నిజంగానే స్టేషన్‌కి వచ్చాడు, క్షమాపణ చెప్పుకోవడానికి. స్టూడియో దగ్గరికి ఎవరు వెళ్ళినా సెల్‌ఫోను బయట చెక్క ట్రేలో పెట్టాలి, మైకుల్లో గరగర వస్తుందని అక్కడి రూలు. పెట్టాడు. బాబాయ్ భుజం మీద చెయ్యేసి గేటు దాకా సాగనంపితే, ఆ ఆనందంలో ఫోను మరిచిపోయి డ్యూటీకి వెళ్ళిపోయాడు. అల్లుడుగారు ఈ కథ విని నవ్వారట. నేను నవ్వలేదు. అబద్ధం చెప్పదలుచుకున్న మనిషి ఇంతకంటే మంచిదే చెబుతాడు.

రికార్డింగ్ మళ్ళీ మొదలైంది. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాను. గుసగుస గొంతు, దాని వెనక బాబాయ్ గొంతే మరోసారి, కొంచెం డొల్లగా, నీళ్ళ తొట్టిలోంచి వచ్చినట్టు. ఆ తరవాత సన్నటి ఈల ఒకటి.

"ఆ ఈల ఏంటి మాస్టారూ?" ఆయన మొహంలోకి చూసి అడిగాను.

ఆయన కళ్ళు మీటల బల్ల మీద శబ్దాన్ని బట్టి ఊగే ముల్లు మీద ఉన్నాయి. ముల్లు గెంతిన చోట వేలు పెట్టి, "ఇదా, లైన్లో గోల," అన్నాడు. ఆయన వేలు పెట్టిన చోట బాబాయ్ దగ్గారు. ఈల అంతకు ముందే వచ్చి పోయింది. నేను ఆ పొరపాటు పట్టించుకోలేదు. తరవాత చెంపలు వేసుకున్నాను.

ఫోన్లమ్మాయిని పక్కకి పిలిచి కూర్చోబెట్టాను. ఆ రాత్రి ఫోన్లు తీసింది ఆ పిల్లే. గాజుకి ఇవతల కూర్చుని ఒక్కొక్కరినీ పలకరించి, మనిషి తాగి ఉన్నాడా మామూలుగా ఉన్నాడా చూసి, బాబాయ్ లైన్లోకి పంపుతుంది. ఆ నంబరు చూడగానే గేటు తమ్ముడే అనుకుని నేరుగా పంపేసిందట. ఆ వెంటనే ఇంకో లైన్లో ఒక పెద్దాయన ఏడుస్తుంటే ఆయన్ని సముదాయిస్తూ ఉండిపోయింది, ఇటు మాటలు వినలేదు.

రేడియో గొంతు తగ్గించమని ఎందుకు అడుగుతారు అన్నాను. ఆ పిల్ల నాకు చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పింది. స్టూడియోలో అన్న మాట వెంటనే గాల్లోకి వెళ్ళదు. ఏడు సెకన్లు ఒక యంత్రంలో ఆగి వెళ్తుంది. ఎవరైనా అనకూడనిది అంటే ఆ లోపల ఒక బటన్ నొక్కి ఆ ఏడు సెకన్లూ తీసేయొచ్చు, ఇళ్ళల్లో వినేవాళ్ళకి ఆ మాట చేరదు. వీళ్ళ భాషలో ఆ బటన్ పేరు కత్తెర. అందుకే ఇంట్లో రేడియో పెట్టుకుని ఫోన్ చేసినవాళ్ళకి తమ మాటే ఏడు సెకన్ల తరవాత రేడియోలో మళ్ళీ వినపడి తికమక పడతారు. ఇటు బాబాయ్‌కీ అదే గోల.

నేను అల్లుడుగారి వైపు తిరిగాను.

"ఈ రికార్డింగ్‌లో బాబాయ్ మాట వెనక బాబాయ్ మాటే వినపడుతోంది. విన్నారా?"

"రేడియో పెట్టుకుని చేశాడు. గోడౌన్‌లో రేడియో ఉంది, నేనే చూశాను."

"అయితే ఏడు సెకన్లు ఆలస్యంగా వినపడాలి. ఇక్కడ మాటతో పాటే వస్తోంది. మధ్యలో రెప్పపాటు కూడా లేదు."

అల్లుడుగారు నవ్వారు. కొత్త అల్లుడిగా మా చెల్లెలింట్లో మొదటిసారి కూర్చున్నప్పుడు కూడా ఇలాగే నవ్వారు, తనకి అన్నీ తెలుసన్నట్టు. సెల్‌ఫోన్లలో సవాలక్ష శబ్దాలొస్తాయి, జడ్జిగారికి నంబరు కావాలి, టవర్ కావాలి, దొరికిన ఫోను కావాలి, నా చెవులు అక్కర్లేదు అన్నారు. ఈయనతో మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అని నేను పైకే అన్నాను. ఫోన్లమ్మాయి కిసుక్కుమంది. మాస్టారు మాత్రం మా ఇద్దరి నోళ్ళకేసి మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాడు.

"సరే, పరీక్ష పెడదాం," అన్నాను. "నేను ఓడిపోతే ఇప్పుడే ఇంటికెళ్ళిపోతాను, మీ అత్తగారికి మీ మీద చాడీలు కూడా చెప్పను."

ఆ రెండో హామీకి ఒప్పుకున్నారు. కానిస్టేబుల్ ఒకతను గోడౌన్ గేటు దగ్గరికి వెళ్ళి, అక్కడి రేడియో పెట్టి ఫోన్ చేశాడు. స్టూడియోలో వార్తల ఆవిడ వాతావరణం చదువుతోంది. గాజులోంచి ఆవిడ పెదాలు 'జల్లులు' అన్నాయి. మన స్పీకర్లో కూడా అప్పుడే జల్లులు. ఫోన్లో, కానిస్టేబుల్ ఆయాసం వెనక రేడియోలో, ఆవిడ ఇంకా నిన్నటి ఎండ గురించే చెబుతోంది. ఏడు సెకన్లకి అక్కడా జల్లులు పడ్డాయి.

అల్లుడుగారు వాచీ చూసుకోవడం మానేశారు. అది నాకు కట్నకానుకలతో సమానం.

"అంటే ఆ ఫోన్ గోడౌన్ నుంచి రాలేదు. ఏ ఇంటి నుంచీ రాలేదు. ఆలస్యం లేకుండా వినపడే చోటు నుంచి వచ్చింది. అది ఈ బిల్డింగ్ లోపలే ఉంటుంది," అన్నాను.

మాస్టారు హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి లేచాడు. "అక్క మూడు రోజులుగా ఆస్పత్రిలోనే ఉంది. తిండీ నిద్రా లేదు. నేను వెళ్ళి కూర్చుంటాను," అన్నాడు. ఆయన గొంతు ఉండవలసినదానికంటే గట్టిగా ఉంది. దుఃఖంలో మనుషులకి గొంతు అదుపులో ఉండదు కదా అనుకుని, వెళ్ళిరమ్మన్నాను. ఆయన వెళ్తుంటే వెనకనే గోడ ఫోను మోగింది. తిరిగి చూడకుండానే వెళ్ళిపోయాడు. ఫోన్లమ్మాయి పరుగున వెళ్ళి ఎత్తింది.

ఆలస్యం లేకుండా వినపడే స్పీకర్లు ఈ స్టేషన్‌లో మూడే ఉన్నాయని ఆ పిల్ల చెప్పింది. స్టూడియోలో ఒకటి, కంట్రోల్ రూమ్‌లో ఒకటి, పై అంతస్తులో డైరెక్టర్ గదిలో ఒకటి. ఆ రాత్రి స్టూడియోలో ఉన్నది బాబాయ్, కంట్రోల్ రూమ్‌లో ఉన్నది తను. ఇక మిగిలింది పై గది. దానికి వెళ్ళే దారి వెనక మెట్లు.

మెట్లు చూశాను. సన్నవి, ఇనుపవి, మలుపు దగ్గర రెయిలింగ్ మోకాలి ఎత్తుకి మించి లేదు. మరక ఇంకా పూర్తిగా పోలేదు. బాబాయ్‌కి మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో మేడ మీదకి కూడా ఎక్కరని వాళ్ళావిడ చెప్పింది. అలాంటి మనిషి పనంతా అయిపోయాక, ఇంటికి వెళ్ళాల్సిన వేళ, ఈ మెట్లెక్కి పైకెందుకు వెళ్ళారో మూడు రోజులుగా ఎవరూ ఆలోచించలేదు. నాకు ఇప్పుడు తెలిసింది. బెదిరించిన మనిషి ఎక్కడున్నాడో ఆయనకి ఫోన్లోనే తెలిసిపోయింది. అందుకే రేడియో గొంతు తగ్గించమనలేదు. అది రేడియో కాదు కాబట్టి.

డైరెక్టర్ గదిలో పెద్ద బల్ల, రెండు కుర్చీలు, ఒక సోఫా. బీరువా మీద, మూలగా, స్పీకర్. వార్తల ఆవిడ అందులో ఇప్పుడు కూరగాయల ధరలు చదువుతోంది. గుండ్రటి మొహం, మెడలో టై, ఎవరో తరుముతున్నట్టు మాట్లాడే డైరెక్టర్ మా వెనకే వచ్చి, ఏం జరుగుతోంది అని అడిగాడు. ఈ స్పీకర్ ఎప్పుడు ఆపుతారు అని అడిగాను.

"ఆపడానికి స్విచ్చే లేదండీ. రోజంతా మోగుతూనే ఉంటుంది. అలవాటైపోయి నాకు వినపడను కూడా వినపడదు."

అల్లుడుగారి కళ్ళు మెరిశాయి. ఒక్క అడుగులో వెళ్ళి డైరెక్టర్‌కి ఎదురుగా నిలబడ్డారు. ఆ రాత్రి ఎక్కడున్నారు, ఎవరు చూశారు, ఈ ప్రోగ్రామ్ ఎత్తేసి ఆ సమయానికి పాటలు వేయాలని తమరు రెండు నెలలుగా పట్టుబడుతున్నారట, నిజమేనా. ప్రశ్న మీద ప్రశ్న. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు డైరెక్టర్ టై తడుముకున్నాడు. ఎత్తేయాలన్న మాట నిజమేనట, కానీ ఆ రాత్రి కూతురికి జ్వరం వస్తే ఇంట్లోనే ఉన్నాడట. గది తాళంచెవి కంట్రోల్ రూమ్ మేకుకి వేలాడుతూ ఉంటుందట, ఎవరైనా తీసుకోవచ్చట.

"కూతురి జ్వరం. సాక్షి భార్య. బాగుంది," అన్నారు అల్లుడుగారు. మూడు రోజులుగా ఒక అమాయకుణ్ణి పట్టుకుని వేలాడిన మనిషి ఇప్పుడు వదిలిపెట్టి ఇంకో కొమ్మ పట్టుకున్నారు. ఆయన బేడీల వైపు చెయ్యి పోనిచ్చేలోగా నేను కిందికి దిగిపోయాను. నా మనసులో ముల్లు ఒకటి కలుక్కుమంటోంది.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ ఈ ఇంటి దొంగ ఒక తప్పు చేశాడు, వెనక స్పీకర్ మోగుతుంటే ఫోన్ చేశాడు. ఫోన్లమ్మాయికి అది తప్పని తెలుసు, రోజుకి వందమందికి అదే చెబుతుంది. ఇంజనీరుకి తెలుసు, ఆ యంత్రం బిగించిందే ఆయన. తెలియనివాడు డైరెక్టర్ ఒక్కడే. లెక్క సరిపోయింది. అయినా నాకు నచ్చలేదు. కూతురి జ్వరం గురించి చెప్పేటప్పుడు ఆ మనిషి మందు సీసా పేరు కూడా చెప్పాడు.

కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఫోన్లమ్మాయిని ఇంకో మాట అడిగాను. రికార్డింగ్‌లో ఒకచోట మాట అతకలేదు. గుసగుస గొంతు "నువ్వే దిగిపో," అంటుంది. వెంటనే బాబాయ్ "సరే, ఇంకొకరితో మాట్లాడదాం," అంటారు. మధ్యలో ఏదో పోయినట్టుంది.

"కత్తెర వేశారండీ. ఎర్ర లైటు వెలగడం చూశాను. వాడు బూతు మాట అని ఉంటాడనుకున్నాను."

"కత్తెర నొక్కింది ఎవరు?"

"బాబాయే. ఇంతకు ముందు మాస్టారు నొక్కేవారు. ఆ ఆడమనిషి గొడవ అయ్యాక, రాత్రిపూట ఇబ్బంది పడొద్దు, పన్నెండుకల్లా ఇంటికెళ్ళిపొమ్మని మాస్టారికి చెప్పి, ఆ బటన్ తన బల్ల మీదకి మార్పించుకున్నారు."

ఆ ఆడమనిషి పేరు గాల్లోకి వెళ్ళిన రాత్రి కత్తెర దగ్గర ఉన్నది మాస్టారు. కానీ "తప్పు నాదే" అన్నది బాబాయ్.

"బాబాయ్ బూతులకి కత్తెర వేస్తారా?"

"లేదండీ," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "నన్ను చేర్చుకున్న రోజే చెప్పారు. బూతులకి ఎవరూ చావరమ్మా, పేర్లకి చస్తారు అన్నారు. పేరో, ఊరో, ఇంకొకళ్ళకి తెలియకూడని సంగతో బయటపడితేనే వేస్తారు."

అంటే ఆ ఏడు సెకన్లలో ఒకరి గుట్టు ఉంది. తనని బెదిరిస్తున్న మనిషి గుట్టుని ఆ రాత్రి బాబాయ్ కాపాడారు. ఇరవై ఏడేళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళ పరువు కాపాడిన చెయ్యి, అలవాటుగా ఆఖరిసారి కూడా అదే పని చేసింది. ఆయన ప్రోగ్రామ్ నేనూ వినేదాన్ని, మా వారు పోయిన కొత్తలో.

తేరుకోవడానికి ఏదో ఒకటి చెయ్యాలనిపించి, రికార్డింగ్ మళ్ళీ విందామని బల్ల మీదున్న హెడ్‌ఫోన్స్ తీసి పెట్టుకున్నాను. పెట్టుకోగానే పీకి అవతల పడేశాను. చెవి మీద లెంపకాయ కొట్టినట్టయింది. మోత పెంచే మీట చివరికంటా తిప్పి ఉంది.

"ఇవి ఎవరివి?"

"మాస్టారివండీ."

"నువ్వు ఆయనతో మాట్లాడేముందు భుజం ఎందుకు తడతావు?"

"ఆయన ఎప్పుడూ ఏదో ఆలోచనలో ఉంటారండీ. తట్టకపోతే పలకరు." అని, ఆ పిల్ల తన చేతికేసి తనే చూసుకుంది. ఎన్నాళ్ళుగా తడుతోందో తనకే గుర్తు లేదు.

నేను మెట్ల వైపు నడిచి, పై గదిలో ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని పిలిచాను. ఈసారి అల్లుడుగారూ అనలేదు. ఆయన దిగివచ్చాక అడిగాను, పొదలో దొరికిన గేటు తమ్ముడి ఫోను ఎక్కడుందని. జీపులో, సంచిలో, సీలు వేసి ఉందన్నారు. తెరిచి విన్నారా అంటే, వినడానికి అందులో ఏముంటుంది, స్టేషన్ రికార్డింగ్ ఉందిగా అన్నారు.

"వాడు చేసిన ప్రతి ఫోనూ అందులో రికార్డవుతుంది ఇన్‌స్పెక్టర్‌గారూ. పొద్దున్నే వాళ్ళక్కకి వినిపించుకుంటాడు. ఈ సంగతి కింద బెంచీ మీద గుండీలు కుడుతున్న మనిషిని అడిగితే చెప్పేది. మీరు అడగలేదు. స్టేషన్ వాళ్ళు రికార్డు చేసింది గాల్లోకి వెళ్ళిన మాట. కత్తెర వేసిన ఏడు సెకన్లు అందులో ఉండవు. ఫోనుకి కత్తెర లేదు."

ఆయన మొహంలో రంగు మారింది. మూడు రోజులు తన జీపులోనే తిరిగింది సాక్ష్యం. సంచి తెప్పించారు. సీలు తెంచి, తాళం కూడా లేని ఆ పాత ఫోనులో ఆ రాత్రి పన్నెండున్నర రికార్డింగ్ పెట్టారు. గది తలుపు ఫోన్లమ్మాయి మూసింది.

గుసగుస గొంతు "నువ్వే దిగిపో," అంది. ఆ తరవాత స్టేషన్ రికార్డింగ్‌లో లేని మాట వచ్చింది. బాబాయ్ గొంతు, మైకుకి దూరంగా, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు.

"ఒరేయ్, నీ వెనక స్పీకర్ మోగుతోందిరా. నీకు వినపడదని తెలుసు. కత్తెర వేస్తున్నాను, ఇది బయటికి పోదు. అక్కడే ఉండు, నేనే పైకొస్తా."

ఫోన్లమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. అల్లుడుగారు ఫోను బల్ల మీద పెట్టారు.

"ఎవరికి వినపడదు?" అన్నారు.

"సౌండ్ మాస్టారికి. ఫోను చెవికి నొక్కిపెట్టుకుంటే వినపడుతుంది, గదిలో మూలనున్న స్పీకర్ వినపడదు. ముల్లు చూసి పని నెట్టుకొస్తున్నాడు. స్పీకర్ ఉన్న గదిలో ఫోను మాట్లాడితే వచ్చే ఆ ఈల వినపడకే, ఇందాక తప్పు చోట వేలు పెట్టాడు. ఆ ఆడమనిషి పేరు వినపడకే కత్తెర వేయలేదు. బాబాయ్ ఆ తప్పు తన మీద వేసుకుని, ఇంక దిగిపోరా అని ఉంటారు. చెవులే అన్నం పెట్టిన మనిషి, చెవులు పోయాయని ఎలా ఒప్పుకుంటాడు? బావ ఆ సంగతి బయటపెట్టకుండా బెదిరించి ఆపుదామనుకున్నాడు. పన్నెండుకి ఇంటికెళ్తున్నట్టు లేచి, ట్రేలో గేటు తమ్ముడు మరిచిన ఫోను తీసుకుని పై గదికెక్కాడు, పనయ్యాక దాన్ని వాడి గేటు పక్క పొదలో పడేశాడు. మెట్ల మీద ఏం జరిగిందో వాళ్ళిద్దరికే తెలియాలి."

చెబుతుండగానే వాళ్ళిద్దరూ ఇప్పుడు ఎక్కడున్నారో నాకు గుర్తొచ్చింది.

"ఆస్పత్రి దగ్గర మీ కాపలా ఉందా?"

"నిన్న తీసేశాను," అన్నారాయన. "దోషి లోపలే ఉన్నాడు కదా అని."

నేను బాబాయ్ భార్యకి ఫోన్ చేశాను. ఆవిడ బస్సులో ఉంది, గొంతులో మూడు రోజుల తరవాత మొదటిసారి కాస్త ప్రాణం ఉంది. పొద్దున ఆయన వేళ్ళు కదిలించారట. ఇవాళో రేపో కళ్ళు తెరుస్తారు, మాట కూడా వస్తుందని డాక్టర్ చెప్పాడట. ఆ మాట తమ్ముడికి చెబితే వాడు ఎంత ఏడ్చాడో అంది. "ఇంటికెళ్ళి కాసేపు పడుకో అక్కా, బావ దగ్గర నేనుంటాను అన్నాడమ్మా. నర్సుని కూడా రావద్దని, తలుపు వేసుకుని కూర్చున్నాడు."

అల్లుడుగారు అప్పటికే మెట్ల మీద ఉన్నారు, జీపు తియ్యమని అరుస్తూ. నర్సుల గది నంబరు ఎంతసేపటికీ ఖాళీ లేదు. ఫోన్లమ్మాయి నేరుగా బాబాయ్ గదికి, మంచం పక్కనున్న ఫోనుకి చేసి, మాకు వినపడేలా స్పీకర్లో పెట్టింది.

మోగింది. మోగుతూనే ఉంది. కింద బెంచీ మీద నుంచి గేటు తమ్ముడి అక్క లేచివచ్చి గుమ్మంలో నిలబడింది, చేతిలో సూదీ దారం అలాగే ఉన్నాయి. ఏమైందమ్మా, ఎవరూ ఎత్తటం లేదా అని అడిగింది.

ఆ గదిలో ఇద్దరున్నారు. ఒకరికి స్పృహ లేదు. రెండోవాడికి వినపడదు.